మూడోనాటి గండం

కల్లు ఉన్నట్టుండి ఆగితే ప్రాణాపాయం - దాచకుండా చెబితే ఆసుపత్రిలోనే వైద్యం

నిజామాబాద్: అతను ఆసుపత్రిలో చేరింది కాలు విరిగి. ట్రాక్టరు మీంచి జారి పడ్డాడు. మోకాలి క్రింద ఎముక విరిగింది. మొదటి రోజు బాగానే ఉన్నాడు. కట్టు కట్టారు. సెలైను ఎక్కించారు. పక్క మంచం వాళ్ళతో వానల గురించి, వడ్ల ధర గురించి ముచ్చట్లు కూడా చెప్పాడు. రెండోనాడు చేతులు వణకసాగాయి. అన్నం సహించలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. రాత్రి కన్ను మూతపడలేదు.

మూడోనాటి రాత్రి రెండు గంటలవేళ దిగ్గున లేచి కూర్చున్నాడు. చేతికున్న సూది పీకి పారేశాడు. గోడనిండా చీమలు ప్రాకుతున్నాయన్నాడు. మంచం క్రింద పామున్నదని కేక పెట్టాడు. పక్కనే ఉన్న భార్యను గుర్తుపట్టలేదు. "బర్రె తాడు తెంపుకున్నది, పట్టుండ్రి" అంటూ విరిగిన కాలితోనే మంచం దిగబోయాడు.

వార్డంతా లేచి కూర్చుంది. "గాలి సోకింది" అన్నారొకరు. "ఎవలో బాణామతి చేసిండ్రు" అన్నారు మరొకరు. ముసలితల్లి కొంగున రూపాయి ముడుపు కట్టింది. తెల్లారే సరికి మంత్రగాణ్ణి తీసుకొస్తానని బావమరిది చెప్పులు తొడుక్కున్నాడు.

రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు మాత్రం ఒక్క మాట అడిగింది. "అక్కా, ఈయన రోజూ ఏమన్న త్రాగుతడా?"

భార్య తల వంచుకున్నది. "పొద్దుగాల రెండు సీసలు, మాపటికి మూడు సీసలు సిస్టరమ్మా. కల్లే గద, సార గాదు గద అని చెప్పలే. కాలు ఇరిగినదానికి కల్లు ముచ్చట ఎందుకనుకున్న."

జబ్బంతా ఆ మాటలోనే ఉంది. కాజువాల్టీ నుంచి డ్యూటీ డాక్టరు పరుగున వచ్చాడు. నాడి చూశాడు. వేలి కొన నుంచి రక్తం చుక్క తీసి చక్కెర పరీక్షించాడు. తలకు దెబ్బ తగిలిందేమో చూశాడు. నరానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. తెల్లవారేసరికి అతను నిద్రలోకి జారాడు. మరి నాలుగు రోజులకు కళ్ళు తెరిచి, "పోరగాళ్ళు బడికి పోతుండ్రా?" అని భార్యను అడిగాడు. మంత్రగాడి అవసరం రాలేదు.

కల్లు ఎక్కువగా త్రాగే ఈ ప్రాంతంలో ఇటువంటివి కొత్త కాదు. కాలు విరిగో, కడుపు నొప్పితోనో, జ్వరంతోనో ఆసుపత్రిలో చేరిన మనిషికి మూడోనాడు "పిచ్చి" ఎత్తడం పలువురు చూసిన సంగతే. పిచ్చి కాదది. రోజూ పడే మత్తు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే జబ్బు. దీనికి వైద్యం ఉంది. వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. ఈ రెండు విషయాలూ పల్లెల్లో చాలామందికి తెలియకపోవడం శోచనీయం.

మోట తాడు తెగినట్లు

త్రాగుడు మెదడును జోకొడుతుంది. రోజూ జోకొట్టే మందు పడుతుంటే, మెలకువగా ఉండటానికి మెదడు అంతకంతకూ గట్టిగా పెనుగులాడుతుంది. ఏళ్ళ తరబడి అలా పెనుగులాడటమే దానికి అలవాటవుతుంది. వెనుకటి రోజుల్లో మోట కొట్టినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. నిండు మోటను ఎద్దులు బలంకొద్దీ లాగుతున్నప్పుడు తాడు పుటుక్కున తెగితే ఏమవుతుంది? ఎద్దులు ముందుకు బోర్లా పడతాయి. త్రాగుడు ఉన్నట్టుండి ఆగినప్పుడు మెదడు గతి కూడా అంతే. అడ్డు తొలగిన మెదడు పట్టు తప్పి పరుగెడుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట కారుతుంది, నిద్ర పారిపోతుంది.

దీనికొక వరుస ఉందని వైద్యులు చెబుతున్నారు. చివరిసారి త్రాగిన 6 గంటల తర్వాత వణుకు, వికారం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో, అంటే 48 గంటల లోపు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రెండో రోజు దాటి నాలుగో రోజు వరకు మతి తప్పడం, లేనివి కనపడటం, ఒళ్ళు కాలిపోవడం జరగవచ్చు. ఈ చివరిదే అసలు గండం. అందరికీ రాదు. ఎన్నో ఏళ్ళుగా త్రాగేవారికి, ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవారికి, ఒంట్లో మరో జబ్బు ఉన్నవారికి వచ్చే అవకాశం ఎక్కువ. సరైన మందులు లేని రోజుల్లో ఈ దశకు చేరినవారిలో నూటికి 35 మంది వరకు మరణించేవారని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. ఇప్పుడు వేళకు వైద్యం అందితే మరణాలు నూటికి 5కు లోపే. తేడా అంతా వేళకు అందడంలోనే ఉంది.

సీసాలో ఉన్నది కల్లేనా?

ఈతచెట్టు నుంచి గాని తాటిచెట్టు నుంచి గాని తెల్లవారుజామున దించిన కల్లులో మత్తు తక్కువ. పొద్దెక్కేకొద్దీ పులిసి సారం పెరుగుతుంది. అప్పటికీ నూటికి నాలుగైదు వంతులే ఉంటుంది. చెట్టు ఇచ్చే కల్లుకు ఒక లెక్క ఉంది, ఒక కాలం ఉంది. త్రాగే జనానికి లెక్క లేదు. ఆ తేడాను పూడ్చటానికే కల్తీ పుట్టింది. నీళ్ళు, సాక్రిన్, ఆపైన మత్తు మందు. జనం నోట "డైజోఫాం"గా వాడుకలో ఉన్న డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం ఈ పనికి వాడుతున్నట్లు పలుమార్లు పరీక్షల్లో బయటపడింది. చెట్టెక్కి నిజాయితీగా గీత గీసి బ్రతికే కార్మికుడి పొట్ట కూడా ఈ కల్తీయే కొడుతున్నది.

అల్ప్రాజోలం ఎంత ఘాటైనదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. నిద్రపట్టనివారికి, ఆందోళన ఉన్నవారికి డాక్టరు వ్రాసే చిన్న మాత్రలో ఈ మందు పావు మిల్లీగ్రాము ఉంటుంది. ఒక్క గ్రాము పొడితో అలాంటి మాత్రలు 4,000 తయారవుతాయి. తొట్టిలో చెంచాతో వేసి కర్రతో కలిపే చోట ఏ సీసాలోకి ఎంత పోతుందో కలిపినవాడికీ తెలియదు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం క్రింద 100 గ్రాములకు మించి అల్ప్రాజోలం అక్రమంగా ఉంచుకుంటే కనీసం 10 ఏళ్ళ కఠిన శిక్ష పడవచ్చు.

ఇటువంటి కల్లు త్రాగేవారికి ముప్పు రెండు వైపుల నుంచీ ఉంది. మోతాదు మించితే స్పృహ తప్పి, ఊపిరి మందగించి ప్రాణం పోతుంది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. ఇక దొరకడం ఆగిపోతే, సారాయికి బానిసైనవాడికి మల్లేనే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తాయి. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది కనుక ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డయాజిపాం నెమ్మదిగా పోతుంది. దాని బాధ వారం రోజులకు బయటపడినా ఆశ్చర్యం లేదు. "మానేసి వారమైంది, ఇక గండం గడిచింది" అనుకున్న ఇంట్లోనే ఫిట్స్ రావచ్చు.

దుకాణాలు మూసిన రోజుల్లో

2015లో కల్తీ కల్లుపై అధికారులు దాడులు ముమ్మరం చేశారు. కల్లులో మందు కలపడం ఒక్కసారిగా ఆగింది. దాంతో అప్పటి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పల్లెల నుంచి జనం ప్రభుత్వ ఆసుపత్రులకు వరుస కట్టారు. మగవారితోపాటు ఆడవారూ, ముసలివారూ వారిలో ఉన్నారు. కొందరికి ఫిట్స్, కొందరికి మతి చలించడం. కల్తీని పట్టుకోవడం మంచి పనే. కాని కల్తీ ఆగిన మర్నాడు ఆ ఊళ్ళో మనుషులకు ఏమవుతుందన్నది ముందుగా ఆలోచించకపోవడం వల్ల చాలా కుటుంబాలు కష్టపడ్డాయి.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు మళ్ళీ అదే జరిగింది. మార్చి చివరి వారం నుంచి మే 6 వరకు తెలంగాణలో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. దుకాణాలు మూసిన కొద్ది రోజులకే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పిన స్థితిలో ఎందరినో తీసుకొచ్చారు. కేరళలో కొందరు ఆత్మహత్య చేసుకోగా, డాక్టరు చీటీ ఉంటే మద్యం ఇవ్వవచ్చునని అక్కడి ప్రభుత్వం మార్చి 30న ఉత్తర్వు ఇచ్చింది. వైద్యులు ససేమిరా అన్నారు. ఈ జబ్బుకు మందులున్నాయి, మద్యం మందు కాదు అన్నారు. ఏప్రిల్ 2న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

అంతకు చాలా ముందే తెలుగు పల్లెలు మరో పాఠం నేర్చుకున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతా ప్రాకింది. 1993 అక్టోబరు 1న సారాయి, 1995 జనవరి 16న మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఆనాటి ఆడవాళ్ళ తెగువ మరువరానిది. దుకాణం మూయించడం సగం పని. అప్పటికే జబ్బుపడిన మనిషికి మంచం, మందు చూపించడం మిగతా సగం.

కాజువాల్టీలో ఏం చేస్తారు?

అర్ధరాత్రి వేళ మనిషిని తీసుకుపోతే ముందుగా నాడి, రక్తపోటు, జ్వరం చూస్తారు. రక్తంలో చక్కెర చూస్తారు. చక్కెర పడిపోయినా మనిషి ఇలాగే తికమకపడతాడు. తలకు దెబ్బ తగిలినా అంతే. త్రాగినవాడు ఎక్కడో ఒకచోట పడే ఉంటాడు కాబట్టి తలను జాగ్రత్తగా పరీక్షిస్తారు. త్రాగుడు మానడం వల్లనే వచ్చిందని తేలితే లోరాజిపాం గాని డయాజిపాం గాని ఇస్తారు. మాత్ర మ్రింగగలిగినవారికి క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇవ్వడం కూడా ఉంది. కాలేయం దెబ్బతిన్నవారికి లోరాజిపాం మేలని వైద్యుల మాట. వణుకు, చెమట, తత్తరపాటు ఎంత ఉన్నాయో గంట గంటకూ చూసి మోతాదు నిర్ణయిస్తారు.

"కల్లులో కలిపిన డైజోఫామే గద మళ్ళ ఇస్తుండ్రు? ఇదేం వైద్యం?" అని కొందరు బంధువులు డాక్టర్లతో వాదిస్తుంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కూడా తేలికే. తెగిన మోట తాడును మళ్ళీ పట్టుకుని, ఎద్దులు పడిపోకుండా కొద్దికొద్దిగా వదలడమే ఈ వైద్యం. కల్లు తొట్టిలో కొలత లేదు, ఇక్కడ మిల్లీగ్రాము లెక్క ఉంది. సారాయి జబ్బుకైతే వారం రోజుల్లో తగ్గించి ఆపేస్తారు. మందు కల్లుకు అలవాటుపడ్డవారికి మాత్రం వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. డాక్టరు చెప్పిన లెక్క తప్పి నడుమనే మానేస్తే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

అయితే మత్తులో మునిగి లేవలేని మనిషికి ఈ మందు ఇవ్వకూడదు. అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం. ఊపిరి ఆగకుండా చూడాలి. ఏది ఏదో తేల్చేది డాక్టరే గనుక ఊళ్ళో ఎవరి దగ్గరో ఇంజెక్షను వేయించి కాలయాపన చేయడం మంచిది కాదు.

గ్లూకోజు ఒక్కటే చాలదు

పల్లెల్లో ఏ నీరసానికైనా గ్లూకోజు సీసా ఎక్కించమనడం అలవాటు. త్రాగేవారి విషయంలో ఇది జాగ్రత్తగా చేయవలసిన పని. రోజూ త్రాగేవాడు సరిగా అన్నం తినడు. తిన్నా, బాగా పాలిష్ పట్టిన బియ్యపు అన్నమే. తవుడుతోపాటు పోయే బి1 విటమిను, అంటే థయామిన్, ఒంట్లో అడుగంటిపోయి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవటానికి ఒంటికి ఈ విటమిను కావాలి. ఆ కాస్తా లేనిచోట గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కళ్ళు నిలకడ తప్పి అదురుతాయి, నడక తూలుతుంది, మాట పొంతన తప్పుతుంది. "ఇంకా మత్తు దిగలేదు" అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. అందుకే ఆసుపత్రిలో గ్లూకోజుకు ముందుగానో, దానితోపాటుగానో థయామిన్ ఇంజెక్షను ఇస్తారు. ఇది ఖరీదైన మందేమీ కాదు.

దాచితే మోసం

కాలు విరిగిన ఆ మనిషి విషయంలో మూడు రోజులు వృథా అయింది. భార్య మొదటిరోజే చెప్పి ఉంటే మూడోనాటి గండం వచ్చేదే కాదు. ఆమెను తప్పుపట్టడానికి లేదు. అడిగిన నాథుడు లేడు. త్రాగుడు సంగతి చెబితే డాక్టర్లు చీదరించుకుంటారని, "త్రాగి పడ్డడు" అని వ్రాస్తే డబ్బు సాయం రాదని చాలామంది భయపడతారు. కొన్నిచోట్ల ఆ భయానికి కారణం కూడా ఉంది. జిల్లాలోని ఒక ఆసుపత్రిలో వణుకుతూ వచ్చిన మనిషిని "త్రాగుబోతులకు ఇక్కడ మంచాల్లేవు" అని సిబ్బంది తిప్పి పంపారని ఒక కుటుంబం వాపోతున్నది. ఆ రాత్రి బస్టాండులో అతనికి ఫిట్స్ వచ్చాయట. తోటి ప్రయాణికులు 108కి ఫోను చేస్తే, అంబులెన్సు అతణ్ణి మళ్ళీ అదే ఆసుపత్రికి చేర్చింది.

డాక్టరుకు నాలుగు సంగతులు తప్పక చెప్పాలి. ఏమి త్రాగుతాడు? రోజుకు ఎంత? చివరిసారి త్రాగింది ఎప్పుడు? ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? కాన్పుకు వచ్చినా, ఆపరేషనుకు వచ్చినా, పాము కరిచి వచ్చినా ఈ నాలుగూ చెప్పవలసిందే. కల్లు త్రాగే ఆడవారి విషయంలో ఇంట్లోవాళ్ళు మరింత దాస్తారు. వారికీ ప్రమాదం ఒకటే.

ఇంట్లో ఫిట్స్ వస్తే

చేతిలో తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వల్ల మేలు లేదు. చెంచాతో పళ్ళు విరుగుతాయి, ఊపిరి అడ్డుపడుతుంది. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల క్రింద మెత్తని బట్ట పెట్టాలి. దగ్గరలో రాళ్ళు, పొయ్యి, గోలెం లాంటివి ఉంటే జరపాలి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు. పూర్తి తెలివి వచ్చేవరకు నీళ్ళు పోయకూడదు. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒకటి వచ్చినచోట రెండోది రావచ్చు. మతి తప్పినవారిని గుంజకు కట్టేసి గదిలో పెట్టడం మరీ ప్రమాదం. ఒళ్ళు కాలి, నీరు ఎండి ప్రాణం పోతుంది.

గేటు దాటిన తర్వాత

అసలు చిక్కు ఆసుపత్రి గేటు దాటిన తర్వాత ఉంది. వణుకు తగ్గింది, పంపించేశారు. చీటీ మీద "త్రాగుడు మానవలెను" అని వ్రాశారు. బస్టాండుకు పోయే దారిలోనే కల్లు దుకాణం. సాయంత్రానికి కథ మొదటికి వచ్చింది. ఒక రాత్రి కాజువాల్టీలో చావు అంచుదాకా పోయి వచ్చినవాడు ఆ ఉదయం ఎవరి మాటైనా వింటాడు. ఆ ఉదయం దాటితే వినడు. అందుకే మాన్పించే వైద్యం కాజువాల్టీలోనే మొదలుకావాలన్న ఆలోచన వైద్యుల్లో బలపడుతున్నది.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. కల్లు, సారాయి కాదు, హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుకు బానిసలై అత్యవసర విభాగానికి వచ్చిన 329 మందిని మూడు భాగాలు చేశారు. కొందరికి ఫలానా చోటికి వెళ్ళమని చీటీ ఇచ్చారు. కొందరికి చీటీతోపాటు నచ్చజెప్పారు. మిగతావారికి నచ్చజెప్పి, అక్కడికక్కడే బుప్రెనార్ఫిన్ అనే మందు మొదలుపెట్టారు. నెల తర్వాత చూస్తే చీటీ మాత్రమే తీసుకున్నవారిలో నూటికి 37 మంది, నచ్చజెప్పినవారిలో 45 మంది, మందు మొదలుపెట్టినవారిలో 78 మంది వైద్యంలో ఉన్నారు. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మందు వేరైనా నీతి ఒకటే. చీటీ ఇచ్చి పంపడం వేరు, చేయి పట్టుకుని దాటించడం వేరు.

మన దేశంలో చేయి పట్టుకునేవారు ఎంత తక్కువో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపిన సర్వేను కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించింది. దాని ప్రకారం త్రాగుడు వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు దేశంలో 5.7 కోట్లకు పైమాటే. త్రాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతున్నది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేవారు 180 మందిలో ఒక్కరే.

వణుకు తగ్గాక మళ్ళీ త్రాగాలన్న కోరికను అణచటానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. త్రాగితే వాంతులు, గుండెదడ వచ్చేట్టు చేసే డైసల్ఫిరాం అనే మరో మాత్ర ఉంది. ఇక్కడే ఒక హెచ్చరిక. "మీ ఆయనకు తెలియకుండా కూరలో కలపండి" అంటూ అమ్మే పొడులను నమ్మి కొనే ఆడవాళ్ళు ఉన్నారు. అందులో ఏమున్నదో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరాం వంటి మందే కలిసి ఉంటే, అది తెలియక మామూలుగా త్రాగిన మనిషికి రక్తపోటు పడిపోయి గుండె ఆగవచ్చు. మాన్పించబోయి చంపుకున్నట్లవుతుంది. ఆ మాత్ర మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూపులో వాడవలసింది.

దారి తెలియనివారు 14446 నంబరుకు ఫోను చేయవచ్చు. మత్తు మాన్పించేందుకు కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత ఫోను ఇది. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారికి 14416 ఉంది. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా ఫోనులో సలహా కోసం ఆగకుండా 108ని పిలవాలి. రోజూ త్రాగేవారు మానాలనుకోవడం మంచిదే. కాని తమంతట తాము ఒక్కరోజులో ఆపేయకుండా ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఆయన చెప్పిన ప్రకారం మానాలి.

చేయవలసింది

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఆసుపత్రిలో చేర్చుకునే కాగితం మీద పేరు, ఊరు వ్రాసే చోటనే "ఏం త్రాగుతారు, ఎంత, చివరిసారి ఎప్పుడు" అన్న ప్రశ్న కూడా చేర్చాలని పలువురు కోరుతున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ థయామిన్, డయాజిపాం ఇంజెక్షన్లు ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఎక్సైజు వారు కల్తీ దుకాణంపై దాడి చేసిన రోజే ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి, ఆశా కార్యకర్తకు కబురు పెట్టాలి. దుకాణానికి తాళం పడిన ఊళ్ళో మూడోనాడు ఎవరి ఇంట్లో వణుకు మొదలైందో చూసుకునేవారు ఉండాలి. కాజువాల్టీ నుంచి పంపేటప్పుడు చీటీతో సరిపెట్టకుండా, మానసిక వైద్యుడి దగ్గరకు తోడు ఇచ్చి పంపాలి.

కాలు విరిగిన మనిషి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వారానికొకసారి దవాఖానకు వెళ్ళి మందు తెచ్చుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి పండుగనాడు తప్పాడు. మళ్ళీ వెళ్ళాడు. తిట్టకుండా మళ్ళీ మొదలుపెట్టారు. ఇది జ్వరం లాంటిది కాదు, చక్కెర జబ్బు లాంటిది, తిరగబెట్టినా విడవకూడదు అని డాక్టరు చెప్పిన మాట భార్య గుర్తు పెట్టుకున్నది. ఊళ్ళో ఎవరు ఆసుపత్రికి బయలుదేరినా ఆమె ఎదురువెళ్ళి చెబుతున్నది.

"చెల్లే, కల్లు ముచ్చట మొదాలే చెప్పు. సిగ్గుపడకు. సిగ్గుపడి నేను మూడు దినాలు పోగొట్టుకున్న."